పిల్లల యాప్, క్లౌడ్ మీటరు: కార్డు ఇచ్చే ముందు తెలుసుకోండి



"నాన్నా, యాప్ తయారు చేస్తున్నా. ఒక్కసారి కార్డు నంబరు చెప్పవా? ఫ్రీయే!" కోడింగ్ మీద ఇష్టం పెంచుకున్న పిల్లలున్న ఇంట్లో ఈ మాట ఎప్పుడో ఒకప్పుడు వినిపిస్తుంది. ఒక్కసారిగా వద్దనేస్తే ఉత్సాహం నీరుగారిపోతుంది. అడగ్గానే ఇచ్చేస్తే నెలాఖరుకు ఊహించని బిల్లు రావచ్చు. ఈ రెండింటికీ మధ్య దారి ఉంది. అందుకు మీకు కోడింగ్ రానక్కర్లేదు, కరెంటు మీటరు ఎలా తిరుగుతుందో తెలిస్తే చాలు.

నేర్చుకోవడానికి కార్డు అక్కర్లేదు

మొదటిసారి యాప్ చేసే పిల్లలకు ఎంఐటీ యాప్ ఇన్వెంటర్ మంచి ప్రారంభం. 2010లో గూగుల్‌లో మొదలైన ఈ వేదికను ఇప్పుడు అమెరికాలోని ఎంఐటీ నడుపుతోంది. ఇందులో కోడ్ టైపు చేయనక్కర్లేదు, రంగురంగుల బ్లాకులను ఒకదానికొకటి అతికిస్తే యాప్ తయారవుతుంది. తర్వాతి మెట్టు ఆండ్రాయిడ్ స్టూడియో. దీనికి కాస్త మంచి కంప్యూటర్ కావాలి. రెండూ ఉచితమే.

తయారైన యాప్‌ను ఇంట్లోని ఆండ్రాయిడ్ ఫోన్‌లో వేసుకుని చూడటానికీ ఖర్చు లేదు. ప్లే స్టోర్‌లో పెట్టాలంటే మాత్రం డెవలపర్ ఖాతాకు ఒకసారి 25 డాలర్లు కట్టాలి, ఖాతాదారుకు 18 ఏళ్లు నిండాలి. ఆపిల్ అయితే ఏడాదికి 99 డాలర్లు. నేర్చుకునే దశలో ఈ రెండింటికీ తొందర లేదు.

కార్డు ఎక్కడ అడుగుతారు?

యాప్‌లోని సమాచారం అందరి ఫోన్లకూ చేరాలంటే ఎక్కడో ఒక కంప్యూటర్ రాత్రింబగళ్లు పనిచేయాలి. పూర్వం దాన్ని కొనుక్కోవాల్సి వచ్చేది. అమెజాన్ 2006లో కంప్యూటర్లను గంటల లెక్కన అద్దెకు ఇవ్వడం మొదలుపెట్టింది. ఇదే క్లౌడ్. 2022 నుంచి హైదరాబాద్‌లోనూ అమెజాన్ క్లౌడ్ కేంద్రాలు పనిచేస్తున్నాయి. అంతకుముందే శాస్త్రవేత్తలు చాలా కంప్యూటర్లను కలిపి వాడే పద్ధతికి గ్రిడ్ కంప్యూటింగ్ అని పేరు పెట్టారు. ఆ పేరు కరెంటు గ్రిడ్ నుంచి తీసుకున్నదే. స్విచ్ వేస్తే కరెంటు వచ్చినట్టు, కావలసినప్పుడు కంప్యూటర్ శక్తి రావాలన్నది వారి ఆలోచన.

మీటరు ఎలా తిరుగుతుంది?

ఒక లెక్క చూద్దాం. గంటకు 10 రూపాయల అద్దె అనుకోండి. రోజుకు గంట వాడి ఆపేస్తే నెలకు 300 రూపాయలు. ఆపడం మరచిపోతే 24 గంటలు, 30 రోజులు: 7,200 రూపాయలు! ఫోన్‌లో యాప్ మూసేసినంత మాత్రాన అద్దె కంప్యూటర్ ఆగదు. దాన్ని ఆపినా అందులో దాచిన డేటాకు అద్దె పడుతూనే ఉంటుంది. అక్కర్లేనిది తొలగించాలి.

రెండో ప్రమాదం రహస్య కీ. క్లౌడ్ ఖాతాకు ఇది తాళంచెవి లాంటిది. పిల్లలు తమ కోడ్‌ను అందరికీ చూపించాలన్న సరదాలో కీతో సహా ఇంటర్నెట్‌లో పెట్టేస్తే, ముక్కూమొహం తెలియనివారు మన ఖాతాలో కంప్యూటర్లు నడుపుతారు. బిల్లు మనకొస్తుంది.

ఇంట్లో పాటించవలసినవి

1. ముందు కార్డు అడగని సేవలనే వాడనివ్వండి. గూగుల్ ఫైర్‌బేస్‌లో స్పార్క్ అనే ఉచిత ప్లాన్ ఇలాంటిదే. పరిమితి దాటితే సేవ ఆగుతుంది కానీ బిల్లు రాదు.
2. కార్డు తప్పనిసరైతే ఖాతా మీ పేరు మీద, మీ ఈమెయిల్‌తో తెరవండి. ఓటీపీ మీ దగ్గరే ఉండాలి.
3. బడ్జెట్ హెచ్చరిక పెట్టండి. అయితే అది సాధారణంగా కబురు మాత్రమే చేస్తుంది, ఖర్చును దానంతట అది ఆపదు. ఈమెయిల్ చూసుకుంటూ ఉండాలి.
4. ప్రతి ఆదివారం పిల్లలతో కూర్చుని బిల్లింగ్ పేజీ తెరిచి చూడండి.
5. పొరపాటు జరిగితే వెంటనే చెప్పమనండి, తిట్టబోమని మాటివ్వండి. భయపడి దాచిన ప్రతి రోజూ మీటరు తిరుగుతూనే ఉంటుంది.

ఈ వారం మీ పిల్లలను మూడు ప్రశ్నలు అడగండి: నీ యాప్‌కు నిజంగా సర్వర్ కావాలా? దాన్ని ఎలా ఆపుతావు? కీ ఎక్కడ దాచావు? మూడింటికీ మీకు అర్థమయ్యేలా జవాబు చెప్పగలిగితే, కార్డు గురించి అప్పుడు మాట్లాడుకోవచ్చు.