మన్యంలో మూడు రోజులు: పసిపిల్లల విషయంలో జాగ్రత్తలు

కార్తీకమాసం రాగానే రాజమహేంద్రవరం, కాకినాడ, అమలాపురం ప్రాంతాల కుటుంబాలు మారేడుమిల్లికి ప్రయాణం కట్టడం ఇటీవల పరిపాటి అయింది. అడవి నడుమ కుటీరాలలో రెండు మూడు రాత్రులు గడిపి, జలతరంగిణి, అమృతధార జలపాతాలు చూసి రావడం మనసుకు చక్కని విశ్రాంతి. నేను దానికి వ్యతిరేకిని కాను. అయితే అయిదేళ్ల లోపు పిల్లలను వెంట తీసుకొని వెళ్లే తల్లిదండ్రులు కొన్ని సంగతులు ముందుగా తెలుసుకోవాలి.

ఆయుర్వేదం దేశాన్ని జాంగలం, ఆనూపం, సాధారణం అని మూడు విధాలుగా విభజించింది. కాలువలతో, వరిచేలతో నిండిన మన డెల్టా ఆనూపదేశం. ఇక్కడి తేమకు, వెచ్చదనానికి అలవాటుపడిన పసివాడికి కొండప్రాంతపు వేకువ చలి కొత్త. ఉదయం ఎండ వచ్చిన తరువాత గోరువెచ్చని నువ్వులనూనెతో ఒళ్లు మర్దించి, వేడినీటి స్నానం చేయించండి. రాత్రి తలకు, చెవులకు కుళ్లాయి ఉండాలి. జలుబు చేసిందని రెండేళ్లు నిండని బిడ్డ ముక్కుకు, ఛాతీకి కర్పూరం కలిపిన నూనె రాయవద్దు. మన ఇళ్లలో ఇది పాత అలవాటే గాని, కర్పూరం పసివారికి ప్రమాదకరం. ఏడాది నిండని శిశువుకు తేనె నాకించడం కూడా తగదు.

చింతూరు వైపు ఘాట్ రోడ్డు మలుపులలో పిల్లలకు వాంతులు సహజం. బయలుదేరే ముందు కడుపు నిండుగానూ, పూర్తిగా ఖాళీగానూ ఉంచక, ఒకటి రెండు ఇడ్లీలు పెట్టండి. వాంతి అయితే వరిపేలాలు నానబెట్టి వడకట్టిన నీటిని చెంచా చెంచాగా పట్టండి. వెదురుబొంగులో కాల్చిన కోడిమాంసం పెద్దలకు రుచికరమే. ఆ కారం, ఆ మసాలా రాత్రిపూట పసివాడి జఠరాగ్నికి భారం.

ఇక అసలు సంగతికి వస్తాను. దోమ అనగానే మనకు గుర్తుకు వచ్చేది మురుగుకాలువ. బోదకాలు వ్యాధితో తరతరాలుగా బాధపడిన గోదావరి జిల్లాల వారికి మురికినీటి దోమ బాగా తెలుసు. కొండదోమ సంగతి వేరు. మన్యంలో మలేరియాను వ్యాపింపజేసే దోమలలో ఒక జాతి, నెమ్మదిగా పారే తేటనీటి సెలయేళ్ల అంచులలో గ్రుడ్లు పెడుతుంది. మనం ఏ నీటిని చూసి ఇక్కడ దోమలు ఉండవులే అనుకుంటామో, అదే దాని పుట్టిల్లు. అది కుట్టేది చీకటిపడిన తరువాత. కనుక సాయంత్రం నుండి పిల్లలకు నిండు చేతుల చొక్కా, కాళ్లు కప్పే పైజామా వేయండి. దోమతెరను ఇంటి నుండే తీసుకొని వెళ్లండి. మూసిన గదిలో వేపాకు పొగ వేస్తే పిల్లలకు దగ్గు వస్తుందే గాని, దోమతెర చేసే పని అది చేయదు.

మూడేళ్ల క్రితం నా కుమారుని కుటుంబం ఇలాగే వెళ్లి వచ్చింది. వచ్చిన పన్నెండవ రోజున నాలుగేళ్ల మా మనుమడికి చలితో జ్వరం వచ్చింది. రాత్రికి చెమటపట్టి తగ్గింది. మంచు పడలేదనుకొని, నేను తులసి, మిరియాల కషాయం ఇచ్చాను. మర్నాడు వాడు ఆడుకున్నాడు. మూడవ రోజు జ్వరం తిరగబెట్టింది. అప్పుడు మా కోడలు, “మావయ్యగారూ, కషాయం తరువాత ఇద్దురుగాని, ముందు రక్తపరీక్ష చేయిద్దాం” అంది. పరీక్షలో ఫాల్సిపారం మలేరియా అని తేలింది. గురుకులంలో విషమజ్వర లక్షణాలను కంఠస్థం చేసినవాణ్ణి నేను. 1897లో మన సికింద్రాబాదులోనే రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్నాడని మా గురువుగారు పాఠంలో చెప్పేవారు. అయినా మనుమడి దగ్గరికి వచ్చేసరికి నాకు పడిశమే కనిపించింది. రెండు రోజులు వృథా చేశాను.

ఆ రెండు రోజులు చిన్న విషయం కాదు. ఫాల్సిపారం పసిపిల్లలలో ఒకటి రెండు రోజులలోనే మెదడుకు ఎక్కవచ్చు. జ్వరం రోజు విడిచి రోజు క్రమంగా వస్తుందేమో చూద్దామని ఆగరాదు. పిల్లలలో ఆ క్రమం తరచు కనిపించదు. మన్యం నుండి తిరిగివచ్చిన వారం తరువాత మొదలుకొని నెలా రెండు నెలల వరకు ఏ జ్వరం వచ్చినా, అదే రోజున రక్తపరీక్ష చేయించండి. వైవాక్స్ రకం మరికొన్ని నెలలకు కూడా బయటపడవచ్చు. వైద్యునితో ఫలానా తేదీలలో కొండకు వెళ్లి వచ్చామని మీరే ముందుగా చెప్పండి, ఆయన అడగకపోవచ్చు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఈ పరీక్ష, మందులు ఉచితం. బిడ్డ మగతగా పడి ఉన్నా, ఫిట్స్ వచ్చినా, తాగినది నిలవక వాంతి అవుతున్నా, మూత్రం నల్లగా వస్తున్నా పరీక్ష ఫలితం కోసం ఇంట్లో కూర్చోక పెద్ద ఆసుపత్రికి తీసుకొని వెళ్లాలి.

తిప్పతీగ, నేలవేము మనకు ఉన్నాయి కదా అని కొందరు అడుగుతారు. అవి నాకూ ప్రీతిపాత్రమైన మూలికలే. మలేరియా క్రిమిని చంపే మందుకు మాత్రం అవి బదులు కావు. ఈనాడు ఇచ్చే ఆర్టెమిసినిన్ మందు కూడా చైనా వైద్యులు పూర్వం జ్వరాలకు వాడిన ఒక మొక్క నుండి వచ్చినదే. దానిని వెలికితీసిన తు యూయూ గారికి 2015లో నోబెల్ బహుమతి లభించింది. కనుక ఆ మాత్రలు మింగించడం మన సంప్రదాయానికి తలవంపు అని నేను అనుకోను. జ్వరం తగ్గినదని మధ్యలో ఆపక, చెప్పినన్ని రోజులు పూర్తిగా వేయండి.

మందుతో పాటు పథ్యంగా మొదట పేలాల జావ, తరువాత పాతబియ్యపు పలుచని జావ, పెసరకట్టు ఇవ్వండి. ఆకలి పుట్టిన తరువాతనే నెయ్యి వేసిన మెత్తని అన్నం పెట్టాలి. మా మనుమడు పదిరోజులకు అన్నం అడిగాడు.