రాజుగారి భయం

ఇది గ్రీసు దేశపు పురాణ కథ. గ్రీసు మనకు చాలా దూరం. ఆ దేశానికి మూడు వైపులా సముద్రమే. 2,500 ఏళ్ల కిందటే అక్కడి వాళ్లు ఈ కథను చెప్పుకునేవారు, పాటలు కట్టి పాడుకునేవారు.

జోస్యం

ఆర్గోస్ అనే పట్టణాన్ని అక్రిసియస్ అనే రాజు ఏలేవాడు. ఆయనకు ఒక్కతే కూతురు. ఆమె పేరు డానే. కూతురు ఉన్నా రాజుకు తృప్తి లేదు. కొడుకు కావాలని ఆశ.

డెల్ఫీ అనే చోట అపోలో దేవుడి గుడి ఉండేది. ఆ గుడి స్తంభాలు కొన్ని ఇప్పటికీ ఉన్నాయి. గుడిలో ఒక పూజారిణి ఉండేది. మన పల్లెల్లో సోది చెప్పినట్టు, ఆమె దేవుడి మాటగా జోస్యం చెప్పేది. రాజులు కూడా ఆ మాట కోసం వచ్చేవారు.

అక్రిసియస్ కూడా వెళ్లాడు. "నాకు కొడుకు పుడతాడా?" అని అడిగాడు.

"నీకు కొడుకు పుట్టడు. నీ కూతురికి కొడుకు పుడతాడు. వాడి చేతిలోనే నీ చావు" అని జవాబు వచ్చింది.

రాజు గుండెల్లో రాయి పడింది.

కంచు గది

రాజు భూమి లోపల ఒక కంచు గది కట్టించాడు. డానేను అందులో పెట్టించి కాపలా ఉంచాడు. డానే ఏ తప్పూ చేయలేదు. అయినా ఆమెకు ఎండ లేదు, వెన్నెల లేదు. ఈడు పిల్లలతో మాటా మంచీ లేదు. పెళ్లి ఊసే లేదు.

జియస్ గ్రీకు దేవుళ్లందరికీ రాజు. ఆయన బంగారు వానగా మారి, పైకప్పు సందులోంచి ఆ గదిలోకి దిగాడట. డానేకు కొడుకు పుట్టాడు. వాడి పేరు పెర్సియస్.

ఈ సంగతి రాజుకు తెలిసింది. కూతురు ఎంత చెప్పినా నమ్మలేదు. తల్లినీ బిడ్డనూ ఒక కొయ్య పెట్టెలో పెట్టించాడు. మూత వేయించి సముద్రంలోకి తోయించాడు.

దీవిలో

పెట్టె అలల మీద తేలుతూ పోయింది. చివరికి సెరిఫోస్ అనే దీవి చేరింది. డిక్టిస్ అనే జాలరి పెట్టె తెరిచాడు. లోపల ప్రాణాలతో తల్లీ బిడ్డా! "భయపడకమ్మా" అని ఇంటికి తీసుకుపోయాడు. కూడూ నీడా ఇచ్చాడు. పెర్సియస్‌ను పెంచి పెద్దచేశాడు.

ఆ దీవి రాజు పాలిడెక్టిస్. అతను డిక్టిస్‌కు తోడబుట్టినవాడే. అతని కన్ను డానే మీద పడింది. ఆమెకు ఇష్టం లేదు. కొడుకు అండగా ఉన్నాడు. కొడుకును దూరం చేయాలని, "మెడూసా తల తీసుకురా" అని పెర్సియస్‌ను పంపాడు.

మెడూసా జుట్టు నిండా పాములే. ఆమె ముఖం చూసినవాళ్లు రాయి అయిపోతారు. పెర్సియస్ ఆమె ముఖం నేరుగా చూడలేదు. మెరిసే డాలులో నీడ చూస్తూ ఆమె తల నరికాడు.

తిరిగి వచ్చేసరికి డానే, డిక్టిస్ గుడిలో తలదాచుకుని ఉన్నారు. రాజు పెట్టే బాధ పడలేక అక్కడికి చేరారు. పెర్సియస్ రాజుకు మెడూసా తల చూపించాడు. రాజు రాయి అయిపోయాడు. పెర్సియస్ డిక్టిస్‌ను ఆ దీవికి రాజును చేశాడు.

తాతా మనవడు

పెర్సియస్ తల్లితో కలిసి ఆర్గోస్ బయలుదేరాడు. తాతను చూడాలని అతని కోరిక. ఆ కబురు విని అక్రిసియస్ వణికిపోయాడు. లారిసా అనే ఊరికి పారిపోయాడు.

లారిసాలో ఆటల పోటీలు జరిగాయి. పెర్సియస్ కూడా అక్కడికి వచ్చాడు. బరువైన పళ్లెం లాంటి చక్రాన్ని విసిరాడు. అది పోయి చూసేవాళ్లలో ఒక ముసలాయన కాలికి తగిలింది. ఆయన ప్రాణం పోయింది.

ఆయనే అక్రిసియస్.

పెర్సియస్ ఎంతో బాధపడ్డాడు. తాత రాజ్యం ఏలడానికి మనసు రాలేదు. ఆర్గోస్‌ను వేరే రాజుకు ఇచ్చి, బదులుగా టిరిన్స్ అనే పట్టణం తీసుకున్నాడు.

ఆలోచిద్దాం

విధిని ఎవరూ తప్పించుకోలేరని గ్రీకులు నమ్మేవారు. అందుకే ఈ కథ చెప్పుకున్నారు. మనం ఇంకో సంగతి కూడా చూడాలి. జోస్యం రాజు చావు గురించి చెప్పింది. అంతేగాని కూతుర్ని బంధించమని చెప్పలేదు. పసివాణ్ని సముద్రంలో వేయమని చెప్పలేదు. ఆ పనులు రాజు చేసినవే. భయం రాజుది, శిక్ష మాత్రం కూతురిది. పైగా మనవణ్ని ఒళ్లో పెట్టుకుని పెంచి ఉంటే, తాత పరాయి ఊరికి పారిపోయే పనే లేదు.

చర్చించండి

1. అక్రిసియస్ జోస్యం విన్నాక ఏం చేసి ఉంటే బాగుండేది?
2. డానేకు అన్యాయం చేసింది ఎవరు? ఆదుకున్నది ఎవరు?
3. కంసుడి కథ మీకు తెలుసు. దేవకి కష్టానికీ డానే కష్టానికీ పోలిక ఏమిటి?
4. జాతకం, సోది నమ్మి ఆడపిల్ల చదువో పెళ్లో ఆపడం మీరు చూశారా? ఏం జరిగింది?

రాయండి

కంచు గదిలో ఉన్న డానే తండ్రికి ఉత్తరం రాస్తే ఏమని రాస్తుంది? మీ మాటల్లో ఐదు వాక్యాలు రాయండి.