రంగు వేరు, పాలిష్ వేరు

నిజామాబాద్ జిల్లా ఆర్మూరు చుట్టుపక్కల ఊళ్లలో పసుపు తవ్వకాలు మొదలైతే రైతుకు ఊపిరి సలపదు. తవ్విన పసుపును ఉడకబెట్టాలి, కల్లంలో పది పదిహేను రోజులు ఎండబెట్టాలి, ఆ తర్వాతే పాలిష్ డ్రమ్ములో వేసి తిప్పాలి. కొమ్ములు ఒకదానికొకటి రాసుకుని పైపొట్టు, వేళ్లు, మన్ను రాలిపోతాయి. తూకం కొంత తగ్గినా సరుకుకు మెరుపొస్తుంది. సరిగా ఎండని కొమ్మును ఎంత తిప్పినా ఆ మెరుపు రాదు.

ఇంగ్లిష్‌లో మనిషిని ‘పాలిష్డ్’ అని మెచ్చుకునేదీ ఇందుకే. పాలిష్డ్ స్పీచ్ అన్నా, పాలిష్డ్ మ్యానర్స్ అన్నా అక్కర్లేనిది రాలిపోయిందని అర్థం. మన దగ్గర మాత్రం ‘వాడు పాలిష్‌గా మాట్లాడతాడు’ అంటే కాస్త జాగ్రత్తగా ఉండమని చెప్పినట్టే. ఆ అనుమానం ఊరికే పుట్టలేదు, పాలిష్ పేరుతో రంగు పూసేవాళ్లూ ఉంటారు.

బంగ్లాదేశ్‌లో 1980ల్లో వరదకు తడిసి రంగు తగ్గిన పసుపును అమ్ముకోవడానికి పాలిష్ చేసేటప్పుడు లెడ్ క్రోమేట్ కలపడం మొదలుపెట్టారు. సీసమున్న విషం అది. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2019లో ఈ సంగతి బయటపెట్టాక అక్కడి అధికారులు కదిలారు. ఆ ఏడు 47 శాతం పసుపు నమూనాల్లో కనిపించిన సీసం 2021కల్లా సున్నాకు వచ్చింది.

ఇంటర్వ్యూకు వెళ్లే మన పిల్లల్లో చాలామంది చేసేది ఈ రంగు పనే. అరువు యాస, అర్థం తెలియని పెద్ద మాటలు, వాక్యానికో ‘యాక్చువల్లీ’. పసుపు కొనే ఖరీదుదారు పైరంగును నమ్మక కొమ్ము విరిచి చూస్తాడు. అలాగే ఇంటర్వ్యూ చేసేవారు రెండో ప్రశ్న అడుగుతారు. నిజామాబాద్ యాసను దాచుకోవాల్సిన పని లేదు, అడిగినదానికి సూటిగా జవాబు చెబితే చాలు. మీ పరిచయాన్ని ఫోన్‌లో రికార్డు చేసుకుని వినండి, రెండుసార్లు చెప్పిన మాటను కొట్టేయండి. మెయిల్ పంపేముందు మొదటి పేరా తీసేసి చదవండి. విషయం చెడకపోతే ఆ పేరా దండగ. అవతలివారి మాట ముగిసేదాకా ఆగండి. అన్నిటికన్నా కష్టం ఇదే, బాగా చదువుకున్నవాళ్లకు మరీనూ. తెలియనిదాన్ని ‘తెలియదు సార్’ అనేయండి.

అయితే ఉడకడం, ఎండడం ముందు జరగాలి. సబ్జెక్టు రాకుండా కమ్యూనికేషన్ స్కిల్స్ కోర్సులో చేరడం తడి కొమ్మును డ్రమ్ములో వేయడమే. ఆ ఫీజు కట్టేముందు మీ సబ్జెక్టు పుస్తకం ఒక్కటి మొదటి పేజీ నుంచి చివరిదాకా చదవండి.