మోటుపల్లి రేవు చెప్పు పాఠము

నిర్మల్ ప్రాంతమువారికి సముద్రము దూరము. అయినను ఓరుగల్లు కాకతీయుల రాజ్యమునకు సముద్రద్వారమైన మోటుపల్లి చరిత్ర పంచాయతీ సభ్యులు తెలిసికొనదగినది.

మోటుపల్లి నేడు బాపట్ల జిల్లా, చినగంజాం మండలములోని చిన్న తీరగ్రామము. అచ్చటి పల్లెకారులు వలలతో, పడవలతో జీవనము సాగించుచున్నారు. ఒకప్పుడచట విదేశీ నౌకలు ఆగుచుండెడివి. 13వ శతాబ్ది చివర మార్కోపోలో తన గ్రంథమున ‘ముట్ఫిలి’ అని పేర్కొన్న రేవు ఇదియేనని చరిత్రకారుల అభిప్రాయము. అచ్చటి సన్నని నూలుబట్టలను, ఆ దేశపు వజ్రములను అతడు మెచ్చుకొనెను.

ఆ రేవునకు అంతటి పేరు ఎట్లు వచ్చినది? పూర్వము తుపానునకు చిక్కి నౌక ఒడ్డునబడినచో, అందలి ఏనుగులను, గుఱ్ఱములను, బంగారమును రాజులు బలవంతముగా తీసికొనెడివారు. అట్టి చోటికి వర్తకుడు మరల రాగలడా? కాకతి గణపతిదేవుడు 1244-45లో అభయశాసనము వేయించి ఈ దురాచారమును మాన్పెను. ప్రాణములకు తెగించి సముద్రముపై వచ్చు వర్తకులనుండి న్యాయమైన సుంకము తప్ప మరేమియు గైకొనబోమని మాట యిచ్చెను. ఎగుమతి దిగుమతులపై సుంకము ముప్పదింట ఒక వంతు. చందనము, కర్పూరము, ముత్యములు, మిరియములు మొదలగువాటి సుంకములు వేరువేరుగా చెక్కబడినవి. ఆ శాసనస్తంభము వీరభద్రాలయమున నిలుపబడినది.

కాకతీయుల అనంతరము 1358లో రెడ్డిరాజు అనపోతారెడ్డి కొన్ని సుంకములు తగ్గించి మరల అభయమిచ్చెను. మాట ఒకసారి యిచ్చిన చాలదు. పాలకులు మారినప్పుడెల్ల దానిని నిలుపుకొనవలెను.

మన గ్రామములలో రేవులు లేవు గాని వారపు సంతలు కలవు. కడెం, స్వర్ణ జలాశయములలో చేపలు పట్టువారు, కూరగాయల గంపలతో వచ్చు స్త్రీలు, కుండలు తెచ్చువారు ఆ సంతలనే నమ్ముకొన్నారు. తైబజారు రుసుము ఎంతయో వ్రాసియుండనిచో, వసూలు చేయువాడు చెప్పినదే ధర యగును. పది రూపాయలకు బదులు ఇరువది అడిగినను, గంప దింపినవాడు నోరు మెదపలేడు. అతడు వచ్చు వారము వేరొక సంతకు పోవును. పంచాయతీ ఆదాయమును వానితోపాటే పోవును.

కావున ప్రతి పంచాయతీయు రుసుములను తీర్మానించి, సంత ప్రవేశమున అందరికి కనబడునట్లు బోర్డుపై వ్రాయించవలెను. తీసికొన్న ప్రతి పైకమునకు రసీదు ఇప్పించవలెను. చదువురానివారికి చదివి వినిపించుట సభ్యుల విధి. రాజు రాతిపై చెక్కించిన పనిని మనము పలకపై చేయించుట కష్టము కాదు.