విజిల్ మెడలోంచి తీసిన మర్నాడు



సంక్రాంతి వెళ్ళిన వారంలో ఒక పెద్దాయన భార్యతో కలిసి మా ఓ.పి.కి వచ్చారు. హైస్కూల్లో 34 ఏళ్ళు పీఈటీగా పనిచేసి, అప్పటికి ఎనిమిది నెలల క్రితం రిటైరయ్యారు. ఊళ్ళో చిన్నా పెద్దా అందరికీ ఆయన ‘డ్రిల్లు మాస్టారు’. పండక్కి వచ్చిన పాత శిష్యులు కబడ్డీ పెట్టుకుని, “మాస్టారూ, మీరు కూడా ఒక్క కూతకు రండి” అని బరిలోకి లాగారట. రెండో కూతకే ఆయనకు గుండెల మీద బరువు పెట్టినట్టయింది, ఒళ్ళంతా చెమటలు పట్టాయి. పిల్లలు కంగారు పడితే, “ఏం లేదురా, గ్యాస్” అని చెప్పి ఇంటికి నడిచి వెళ్ళిపోయారు. మూడు రోజుల తర్వాత ఆయన భార్య పట్టుబట్టి ఆసుపత్రికి తీసుకువచ్చారు.

పరీక్షలు చేశాం. అది గుండెపోటు కాదని తేలింది. కానీ బీపీ ఎక్కువగా ఉంది. షుగర్ ఉన్నట్టు అప్పుడే మొదటిసారి బయటపడింది. ఎనిమిది నెలల్లో ఏడు కిలోల బరువు పెరిగారు. శ్రమ పడినప్పుడు గుండెకు రక్తం చాలినంత అందడం లేదేమోనని గుండె వైద్యునికి చూపించి మందులు మొదలుపెట్టాం. నిద్ర ఎలా పడుతోందని అడిగితే ఆయన ఇలా అన్నారు: “నాలుగున్నరకే మెలకువ వచ్చేస్తుందండీ. లేచాక వెళ్ళడానికి చోటు లేదు.”

ఆయన అనుమతితో, పేరు చెప్పకుండా ఈ సంగతి రాస్తున్నాం. పీఈటీలు, ఫిజికల్ డైరెక్టర్లు, కోచ్‌లు, వారి కుటుంబాలు తెలుసుకోవలసిన విషయాలు ఇందులో చాలా ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వోద్యోగుల పదవీ విరమణ వయసును 2022లో 62 ఏళ్ళకు, తెలంగాణలో 2021లో 61 ఏళ్ళకు పెంచారు. అంటే ప్రభుత్వ బడిలో పనిచేసే వ్యాయామోపాధ్యాయుడు అరవై దాటేవరకూ ఎండలో నిలబడి, ఆ తర్వాత ఒక్కరోజులో ఆగిపోతున్నాడు.

పరుగు ఆపగానే కూర్చోకూడదు

ఏ కోచ్ అయినా పిల్లలకు మొదట నేర్పే విషయాల్లో ఇది ఒకటి. పరుగు పందెం ముగియగానే కూలబడితే, “లే, నెమ్మదిగా నడువు” అని కేకేస్తారు. ఎందుకు? పరుగెత్తేటప్పుడు కాళ్ళకు రక్తం ఎక్కువగా వెళుతుంది. పిక్కల కండరాలు కదులుతూ దాన్ని తిరిగి గుండెకు నెడుతుంటాయి. ఉన్నట్టుండి ఆగిపోతే ఆ నెట్టుడు ఆగి, రక్తం కాళ్ళలో నిలిచి, కళ్ళు తిరిగి పడిపోవచ్చు. అందుకే వేగం తగ్గించుకుంటూ ఆగాలి. కూల్ డౌన్ అనేది దీన్నే.

ముప్ఫై నాలుగేళ్ళ పరుగుకు కూడా కూల్ డౌన్ కావాలి. పిల్లలకు ఈ మాట వేలసార్లు చెప్పిన మాస్టారు తన విషయంలో మరిచిపోయారు. శాలువా కప్పించుకున్న మర్నాడే పడక కుర్చీలో కూర్చున్నారు. ఎనిమిది నెలల తర్వాత ఒక్కసారిగా లేచి కూతకు వెళ్ళారు. రెండూ తప్పే.

ఒక్కరోజులో పోయేవి మూడు

రిటైర్మెంటుతో జీతం తగ్గుతుందని అందరూ ముందే లెక్క వేసుకుంటారు. కోచ్‌కు దానితోపాటు మరో మూడు పోతాయి. మొదటిది, ఒంటికి దొరికే పని. రెండోది, రోజుకు ఉండే వరుస: తెల్లవారుజామున ప్రాక్టీసు, ఉదయం ప్రార్థనకు లైన్లు, సాయంత్రం ఆటలు, ఏడాదికోసారి మండల, జిల్లా పోటీలు. మూడోది, ‘నేను లేకపోతే జరగదు’ అనే భావం. ఈ మూడింటికీ ఒకే మందు లేదు. “వాకింగ్ చేయండి” అంటే మొదటిదానికి సరిపోతుంది. మిగిలిన రెండూ అలాగే ఉండిపోతాయి. కాబట్టి ఒక్కొక్కటిగా చూద్దాం.

ఒంటి సంగతి

వ్యాయామం పూర్తిగా మానేస్తే రెండు మూడు వారాల్లోనే దమ్ము తగ్గడం మొదలవుతుంది. ఎన్నేళ్ళు ఆడినా ఆ శక్తి నిలవ ఉండదు. కానీ ఆకలి అంత త్వరగా తగ్గదు. మైదానంలో ఉన్నప్పటి అలవాటు ప్రకారమే కంచంలో అన్నం పడుతుంది. ఒంటికి అవసరమైన దానికంటే రోజుకు 250 కేలరీలు ఎక్కువైతే, అంటే సుమారు 200 గ్రాముల అన్నం, లెక్క ప్రకారం నెలకు కిలో వరకు కొవ్వు చేరవచ్చు. పైగా పనిచేసే కండరమే రక్తంలోని చక్కెరను ఎక్కువగా వాడుకుంటుంది. ఆ కండరం ఖాళీగా కూర్చుంటే చక్కెర రక్తంలోనే నిలుస్తుంది. మాస్టారి షుగర్ వెనుక వయసు, వంశపారంపర్యం కూడా ఉండవచ్చు. కానీ కుర్చీ పాత్ర తక్కువ కాదు.

రిటైరైన మొదటి నెలలోనే చేయించుకోవలసిన పరీక్షలు ఇవి:

బీపీ: పలుమార్లు చూసినా 140/90 లేదా అంతకు మించి ఉంటే వైద్యం అవసరం.

షుగర్: పరగడుపున 126 లేదా అంతకు మించితే, మళ్ళీ పరీక్షించి నిర్ధారించుకోవాలి.

కళ్ళు: ఏళ్ళ తరబడి ఎండలో ఉన్నవారికి శుక్లాలు త్వరగా రావచ్చు. దుమ్ము, ఎండ వల్ల కంటి తెల్లగుడ్డు మీద పొర పెరగవచ్చు.

చెవులు: విజిల్ శబ్దం 100 డెసిబెల్స్ దాటగలదు. చెవుల్లో హోరు ఉన్నా, ఇంట్లోవారు “టీవీ సౌండు తగ్గించండి” అంటున్నా వినికిడి పరీక్ష చేయించుకోండి.

గొంతు: అరిచి అరిచి గొంతు బొంగురుపోవడం కోచ్‌లకు మామూలే. కానీ మూడు వారాలు దాటినా తగ్గకపోతే, ముఖ్యంగా పొగతాగే అలవాటు ఉంటే, తప్పక చూపించుకోవాలి.

ఇప్పుడు షెడ్యూలు మీ కోసం

ఇతరులకు ఎన్నో ట్రైనింగ్ షెడ్యూళ్ళు రాసిన చేత్తోనే మీకూ ఒకటి రాసుకోండి. ఒక్క షరతు: ముప్ఫై ఏళ్ళప్పుడు మీకున్న ఒంటికి కాదు, ఇవాళ అద్దంలో కనిపించే ఒంటికి రాయాలి. కొత్తగా చేరిన కుర్రవాడికి మొదటి రోజే పది రౌండ్లు చెప్పరు కదా!

పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమ కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో విడుదల చేసిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. అంటే రోజుకు అరగంట చొప్పున ఐదు రోజుల చురుకైన నడక. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. వేగానికి అదే కొలత. కొన్నాళ్ళు మానేసినవారు పది నిమిషాలతో మొదలుపెట్టి వారం వారం పెంచుకోవాలి.

దీనికి తోడు వారానికి రెండు రోజులు కండరాల బలానికి: చేతులు ఆనించకుండా కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోవడం, గోడకు చేతులు పెట్టి దండీలు తీసినట్టు వంగి లేవడం. తొడ కండరాలు గట్టిగా ఉంటే మోకాలి నొప్పి కూడా తగ్గుతుంది. 65 దాటినవారు వారానికి మూడు రోజులు ఒంటి నిలకడ కోసం: గోడ పక్కన ఒంటికాలి మీద నిలబడడం, మడమకు వేలు తగిలేలా గీత మీద నడవడం. షుగర్ మందులు వాడేవారు జేబులో గ్లూకోజు గానీ చక్కెర గానీ ఉంచుకోవాలి. ఉత్త కాళ్ళతో గ్రౌండులో నడవకూడదు.

నడకలో గానీ ఆటలో గానీ గుండెల మీద బరువు, ఎడమ చేతికి లేదా దవడకు పాకే నొప్పి, ఆయాసం, చల్లని చెమట వస్తే వెంటనే ఆగి 108కి ఫోన్ చేయండి. షుగర్ ఉన్నవారికి నొప్పి అంతగా తెలియకపోవచ్చు. “గ్యాస్” అని ఇంట్లో తీర్పు చెప్పుకోకండి. మా మాస్టారు ఆ మూడు రోజులూ బయటపడడం ఆయన అదృష్టం. అందరికీ అలా జరగదు.

ఇంట్లోవారితో

భార్య మాతో విడిగా ఒక మాట చెప్పారు. “మొదట్లో సంతోషించానండీ, ఇకనైనా ఇంటి పట్టున ఉంటారని. ఇప్పుడు పప్పులో పోపు దగ్గర్నుంచి మనవడి హోంవర్కు దాకా అన్నీ తప్పులే. బడిలో పిల్లల్ని అరిచినట్టే మమ్మల్నీ అరుస్తారు.”

ఇది చాలా ఇళ్ళలో జరిగేదే. జట్టు లేని కోచ్‌కు ఇల్లే జట్టవుతుంది. కానీ ఆ ఇల్లు ఆయన లేకుండానే 34 ఏళ్ళు నడిచింది. దానికీ ఒక పద్ధతి ఉంది. రిటైరైనవారు అక్కడ కొత్తగా చేరిన ఆటగాళ్ళు. కూరగాయలు తేవడం, మనవణ్ణి బడికి దింపడం వంటి ఒకటి రెండు పనులు పూర్తిగా తమవి చేసుకుని, మిగతావాటిలో అడిగితేనే మాట చెప్పడం మంచిది. భార్యకు రిటైర్మెంటు ఎప్పుడూ రాలేదని కూడా గుర్తుంచుకోవాలి. ఇంట్లోవారు కూడా ఆయన కోపాన్ని కోపంగానే చూడకండి. చాలాసార్లు అది ఏం చేయాలో తోచనితనం.

మైదానం విషయంలో కూడా ఇంతే. మీ స్థానంలో వచ్చిన కొత్త మాస్టారికి ఒక ఏడాది చోటివ్వండి. పిలిస్తే వెళ్ళండి, అడిగితే చెప్పండి. గట్టు మీద నిలబడి రోజూ తప్పులు లెక్కపెడితే ఆయనకూ కష్టం, మీ బీపీకీ కష్టం.

ఒక గొప్ప కోచ్ చేసిన పని

అమెరికాలో జాన్ వుడెన్ అనే బాస్కెట్‌బాల్ కోచ్ ఉండేవారు. లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్ఏ విశ్వవిద్యాలయంలో 27 సీజన్లు పనిచేశారు. చివరి 12 ఏళ్ళలో 10 సార్లు జాతీయ విజేతలుగా నిలిపారు. 1972లో ఆయనకు స్వల్పంగా గుండెపోటు వచ్చింది. 1975లో, 64 ఏళ్ళ వయసులో, గెలుపుతోనే రిటైరయ్యారు. ఆ తర్వాత ఇంకో 35 ఏళ్ళు బతికారు. 2010 జూన్‌లో, నూరేళ్ళు నిండడానికి కొద్ది నెలల ముందు కన్నుమూశారు.

జట్టు లేకపోయినా ఆయన నేర్పడం మానలేదు. పిల్లలకు శిబిరాలు పెట్టారు, ప్రసంగాలు చేశారు, పుస్తకాలు రాశారు. 1985లో భార్య నెల్లీ చనిపోయినప్పుడు మాత్రం బాగా కుంగిపోయారు. నెలనెలా ఆమె పేర ఉత్తరం రాస్తూ వచ్చారు. అంతటి కోచ్‌కు కూడా దుఃఖం తప్పలేదు, దాన్ని దాటడానికి చాలా కాలం పట్టింది.

వుడెన్ ప్రతి ఏడాది కొత్త ఆటగాళ్ళకు మొదట నేర్పింది సాక్సులు తొడుక్కోవడం. మడత ఉంటే బొబ్బ వస్తుంది, బొబ్బ వస్తే ఆట పోతుంది. షుగర్ ఉన్న మా పేషెంట్లకు మేమూ అదే చెబుతాం: రోజూ పాదాలు చూసుకోండి, సాక్సులో మడత ఉండనివ్వకండి. చిన్న పుండే కాలికి ముప్పు తెస్తుంది.

మనసు బరువెక్కితే

రిటైరైన కొత్తలో దిగులుగా ఉండడం సహజం. కానీ రెండు వారాలకు మించి రోజంతా దిగులు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, నిద్రా ఆకలీ చెడడం, ‘నేనెందుకూ పనికిరాను’ అనే ఆలోచన ఉంటే అది జబ్బు కావచ్చు. దానికి వైద్యం ఉంది. “ఆటగాణ్ణి, నాకేంటి” అని దాచుకోకండి. సాయంత్రాలు గడవక మందు మొదలుపెట్టేవారు కూడా ఉంటారు. అది దిగులును ఇంకా పెంచుతుంది. కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 నంబరుకు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. చనిపోవాలనే ఆలోచన వస్తే ఒంటరిగా ఉండకుండా వెంటనే ఇంట్లోవారికి చెప్పండి, ఆసుపత్రికి రండి.

కొత్త జట్టు

మాస్టారు మూడు నెలల తర్వాత మళ్ళీ వచ్చారు. బరువు మూడు కిలోలు తగ్గింది. బీపీ అదుపులో ఉంది. మా ఫిజియోథెరపీ విభాగంలో నేర్చుకున్న నిలకడ వ్యాయామాలను తన వీధిలోని పెద్దవాళ్ళకు నేర్పుతున్నానని చెప్పారు. సోమ, బుధ, శుక్రవారాలు, ఉదయం ఆరున్నరకు, తొమ్మిదిమంది. అందరికంటే పెద్దావిడకు 78 ఏళ్ళు. “ఆవిడ మొదట గోడ వదిలేది కాదండీ. ఇప్పుడు ఒంటికాలి మీద ఎనిమిది అంకెలు లెక్కపెట్టేదాకా నిలబడుతుంది. పదికి తీసుకురావాలి” అన్నారు. ముసలితనంలో జారిపడి తుంటి విరిగితే మంచాన పడేవారెందరో మాకు తెలుసు. కాబట్టి అది చిన్న పని కాదు.

నిద్ర గురించి అడిగాం. “నాలుగున్నరకే లేస్తున్నానండీ. ఆరున్నరకు వాళ్ళొస్తారు కదా” అన్నారు.

ఇంట్లో చర్చించుకోండి

1. మీ ఇంట్లో ఈ రెండేళ్ళలో రిటైరయ్యేవారు ఉన్నారా? వారి మర్నాటి రోజు ఎలా ఉండాలో ఇప్పుడే కలిసి కాగితం మీద రాశారా?

2. రిటైరైనవారి బీపీ, షుగర్, కళ్ళు, చెవులు చివరిసారి ఎప్పుడు చూపించారు?

3. మీకు ఆట నేర్పిన మాస్టారు ఇప్పుడు ఎక్కడున్నారు? ఈ వారం ఒకసారి వెళ్ళి పలకరించండి. బరిలోకి మాత్రం లాగకండి. కలిసి ఓ అరగంట నడవండి.