సైకిల్ టూర్‌కి ఫోన్‌ని రెడీ చేయడం ఎలా? జనగామ నుంచి భూపాలపల్లి దాకా ఓ ప్రాక్టికల్ పాఠం

హైదరాబాద్‌లో అయితే సైకిల్ టూర్ మధ్యలో దోస్తులతో మైక్రోబ్రూవరీకి వెళ్లొచ్చు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వైపు పోతే ఆ పాత్ర తాటివనానిది. పగలంతా తొక్కుడు, రాత్రి దోస్తు ఇంట్లో మకాం, చెట్టు కింద తాజా కల్లు. ప్లాన్ సూపర్. కానీ నర్సంపేట దాటాక అడవి పక్క దారిలో ఫోన్ ఆఫ్ అయితే? మ్యాప్ ఉండదు, దోస్తుకు కాల్ కూడా పోదు. అందుకే బయల్దేరే ముందు రోజే ఈ నాలుగు పనులు చేసేయండి.

1. మ్యాప్ డౌన్‌లోడ్

మన రూట్: జనగామ, పాలకుర్తి, తొర్రూరు, మహబూబాబాద్. అక్కడ మొదటి మకాం. తర్వాత నర్సంపేట, ములుగు, రామప్ప గుడి, గణపురం మీదుగా భూపాలపల్లి. ములుగులో ఒక రాత్రి ఆగితే కాళ్లకు హాయి.

గూగుల్ మ్యాప్స్‌లో ఏరియా డౌన్‌లోడ్ చేసుకున్నా, నెట్ లేనప్పుడు కారు దారే చూపిస్తుంది. సైకిల్, నడక దారులు రావు. ఓస్మ్‌అండ్, ఆర్గానిక్ మ్యాప్స్ లాంటి యాప్‌లు ఆఫ్‌లైన్‌లోనూ సైకిల్ రూట్ ఇస్తాయి. ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టినా జీపీఎస్ పనిచేస్తుంది. ఎందుకంటే ఫోన్ ఉపగ్రహాల సిగ్నల్‌ని వింటుంది అంతే, తిరిగి ఏమీ పంపదు. కాకపోతే నెట్ సాయం లేకుండా మొదటిసారి లొకేషన్ దొరకడానికి కాస్త టైమ్ పడుతుంది. ఆకాశం బాగా కనిపించే చోట నిలబడండి.

2. బ్యాటరీ లెక్క

5000 ఎంఏహెచ్ బ్యాటరీని 3.85 వోల్టులతో గుణిస్తే సుమారు 19 వాట్-అవర్లు. 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ 3.7 వోల్టుల లెక్కన 37 వాట్-అవర్లు. కానీ వోల్టేజ్ మార్పిడిలో కొంత పోతుంది. చేతికి వచ్చేది దాదాపు మూడింట రెండొంతులు, అంటే ఫోన్ ఒకసారి ఫుల్ చేసి ఇంకొంచెం.

ఇప్పుడు మీ ఫోన్ టెస్ట్ చేయండి. స్క్రీన్ ఆన్‌లో ఉంచి గంటసేపు నావిగేషన్ వాడి, ఎంత శాతం తగ్గిందో రాసుకోండి. ఉదాహరణకు 15 శాతం తగ్గితే ఆరు గంటలకు 90 శాతం ఖర్చు. స్క్రీన్ ఆపి వాయిస్ సూచనలతో మళ్లీ టెస్ట్ చేస్తే తేడా మీకే తెలుస్తుంది. ఎండలో హ్యాండిల్ మీద పెట్టి ఛార్జ్ చేయొద్దు. బాగా వేడెక్కితే ఫోనే ఛార్జింగ్ ఆపేస్తుంది.

3. లొకేషన్ ఎస్ఎంఎస్

లైవ్ లొకేషన్‌కి డేటా కావాలి. ఒక్క గీత సిగ్నల్ ఉన్నా ఎస్ఎంఎస్ పోయే అవకాశం ఎక్కువ. మ్యాప్‌లో మీరున్న చోట నొక్కి పట్టుకుంటే అక్షాంశం, రేఖాంశం కనిపిస్తాయి. దశాంశం తర్వాత నాలుగు అంకెలు పంపితే సుమారు 11 మీటర్ల తేడాలోపు దొరికిపోతారు. గంటకోసారి దోస్తుకు పంపండి. ఆపదలో 112కి కాల్ చేయండి.

4. కల్లు టైమింగ్

చెట్టు నుంచి దిగిన రసం తియ్యగా ఉంటుంది. గాలిలో, లొట్టిలో ఉన్న ఈస్ట్ వెంటనే పని మొదలుపెట్టి, చక్కెరను ఆల్కహాల్‌గా మారుస్తుంది. కొన్ని గంటల్లో మత్తు, ఇంకా ఆగితే పులుపు. అంటే ఇది టైమ్ మీద నడిచే డ్రింక్. గౌడన్న చెట్టు దిగే వేళ దోస్తును అడిగి రిమైండర్ పెట్టుకోండి.

దోస్తు అవసరం ఇక్కడే అసలు. ఆల్ప్రజోలం, డయాజిపామ్, క్లోరల్ హైడ్రేట్ కలిపిన కల్తీ కల్లు తెలంగాణలో ప్రాణాలకే ముప్పు. రుచి చూసి కనిపెట్టలేం, ఏ యాప్ కూడా చెప్పదు. తెలిసిన గౌడన్న మన కళ్లముందు దింపిన లొట్టి ఒక్కటే నమ్మకం. అది దొరక్కపోతే ఆ పూట మానేయండి. 21 ఏళ్లు నిండనివాళ్లకు ఎలాగూ కాదు.

తాగాక సైకిల్ ఎక్కొద్దు. ఆ రోజు తొక్కుడు పూర్తయ్యాకే వనానికి నడిచి వెళ్లండి. జనగామలో ఒక పూట మిగిలితే సర్దార్ సర్వాయి పాపన్న ఖిలాషాపూర్ కోట చూసి రండి. గీత వృత్తి కుటుంబంలో పుట్టి మొఘల్ పాలనను ఎదిరించిన వీరుడి ఊరు అది. కోటకు పిన్ పెట్టి, ఆ ఏరియా మ్యాప్ కూడా ఇప్పుడే సేవ్ చేసుకోండి.