ఆవాలలో బ్రహ్మదండి గింజ

మన పెరళ్లలోను, పొలముగట్లపైనను, నాగావళీ వంశధారల ఒడ్డునగల మెట్టలలోను శీతకాలమున పసుపుపచ్చని పూవులు పూయు ముండ్లమొక్క యొకటి కలదు. బ్రహ్మదండి యని దాని పేరు. బలురక్కసి యనియు కొందఱందురు. ఇది మెక్సికోదేశమునుండి వచ్చిన కలుపు. ఆకు నీలము గలసిన పచ్చన, ఈనెలవెంట తెల్లనిచారలు, అంచుల ముండ్లు. కాడ విఱిచినచో పసుపుపచ్చని పాలు కారును. ఈ గుఱుతు చాలును.

ముండ్లచేత పసువులు దీనిని ముట్టవు గావున రైతులు దీనిని లెక్కసేయరు. అపాయము గింజలో నున్నది. కాయ పండి నెత్తిన పగులగా రాలు నల్లని చిఱుగింజలు ఆవాలను పోలియుండును. రెండును ఇంచుమించు ఒకే కాలమున పక్వమగుటచే కోతలో కలిసిపోవును. 1998 ఆగష్టులో ఢిల్లీయందు ఈ గింజలనూనె కలిసిన ఆవనూనె తిని వేలకొలది జనులు జబ్బుపడిరి. 60 మందికి పైగా మరణించిరి.

ఈ నూనెలోని సాంగ్వినరిన్ అను విషముచే సన్నని రక్తనాళములు సడలి, వానినుండి నీరు ఊరి కాళ్లు వాచును. విరేచనములు, ఆయాసము కలుగును, గుండె దుర్బలమగును, కొందఱకు కంటిలో ఒత్తిడి హెచ్చి చూపు తగ్గును. నూనె కాచినంతమాత్రమున విషము పోదు.

మనము నువ్వులనూనె వాడువారము గదా, మనకేల యీ చింత యని సభ్యులు కొందఱనవచ్చును. ఇచ్ఛాపురము దాటి ఒడిశాలో అడుగిడినచో ఆవనూనె వాడని యిల్లు అరుదు. మనవారికి అచ్చట రాకపోకలును, చుట్టఱికములును కలవు. అదియునుగాక ఊరగాయలకు ఆవపిండి కొట్టుకొనని గృహిణి మనలో నెవరు?

కావున కొట్టుటకు పూర్వము ఆవాలను చాటలో పోసి వెలుతురున చూడవలయును. ఆవగింజ నున్నన, బ్రహ్మదండిగింజ గరుకు. అనుమానమైన గింజను గోటితో నొక్కినచో ఆవగింజ లోపల పసుపుగాను, ఇది తెల్లగాను కనబడును. ఆవాలు చల్లిన మడిలో ఈ మొక్కను పూత రాకమునుపే వేళ్లతో పెఱికివేయుట మేలు. కాయ పగిలిన పిదప పెఱికిన ఫలము స్వల్పము. చేతులకు గోనెగుడ్డ చుట్టుకొనుడు.

దీని పాలు కంటికి మందని పల్లెలలో నొక వాడుక గలదు. మేము దానిని ఒప్పము. కంటిలో వేయరాదు.

ఒకే యింట పలువురకు ఒక్కమాఱుగా కాళ్లు వాచినచో ఆ నూనెను, ఆవపిండిని వెంటనే మానవలయును. దీనికి విఱుగుడుమందు లేదు. జాగుసేయక ఆసుపత్రికి పోవుడు. పోవునపుడు వాడిన నూనెను ఒక సీసాలో పోసి వెంట కొనిపోవుడు.